భోజనాల బల్ల మీది రైలుదారి

ఎల్ఫ్రీడ షెంప్ తన సొంత భోజనాల బల్ల దగ్గర కూర్చుని భోంచేసి తొమ్మిదేళ్ళయింది.

బల్లకేమీ కాలేదు. ముందుగదిలో కిటికీ పక్కన, ఆమె తల్లి వాడిన వాల్‌నట్ చెక్క బల్ల, రెండు వైపులా లాగితే పదిమంది దర్జాగా కూర్చునేది, ఉన్నచోటే ఉంది. కాకపోతే దానిమీద మొగుడు ఓట్మార్ కాగితాలు పరిచాడు. అంచుకి అంచు అతికించిన పెద్ద పెద్ద కాగితాలు, దుప్పటి కప్పినట్టు. ఎర్ర పెన్సిలుతో ప్రధాన లైను, నీలంతో పక్క లైన్లు, ఆకుపచ్చతో ఒక కొండ, కొండ కింద చుక్కల గీతతో సొరంగం. ఓట్మార్ ఆ బల్లమీద రైలుదారి వేయబోతున్నాడు. అరచేతిలో ఇమిడే ఇంజను, దానివెనక అగ్గిపెట్టెలంత పెట్టెలు. ఎవరైనా నోరు జారి ‘బొమ్మ రైలు’ అన్నారంటే ఆ పూట వాళ్ళతో మాట్లాడేవాడు కాదు. నమూనా రైలు అనాలి.

అలా వేయబోతూనే ఉన్నాడు. పట్టణ నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళపాటు భూమిలోపలి గొట్టాల మ్యాపులు గీసిన చెయ్యి అది, తప్పుని సహించదు. ఒక ప్లాను పూర్తయ్యేసరికి, వంతెన మీదికి ఎక్కే దారి మరీ నిటారుగా ఉందని, ఆరు పెట్టెల బండి ఎక్కలేదని తేలేది. మళ్ళీ కొత్త కాగితం. ఇంకోసారి గోడవైపు మూల అనుమానం వచ్చింది: అక్కడ బండి పట్టాలు తప్పితే చెయ్యి అందుతుందా? అందుతుందో లేదో చూద్దామని బల్లమీద బోర్లాపడి చెయ్యి చాపాడు. అలాగే నడుం పట్టేసింది. డాక్టరు వచ్చి ఎలా జరిగిందని అడిగితే ఫ్రీడ మొహంలో నవ్వు రానీకుండా, “రైలు ప్రమాదం” అంది.

ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కొన్నాడు. అవి అద్దాల బీరువాలో, వాటి అట్టపెట్టెల్లోనే ఉండేవి. ఆదివారం ఆదివారం బయటికి తీసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, తిరిగి పడుకోబెట్టేవాడు. మొగుడూ పెళ్ళాలు మాత్రం వంటింట్లో మడతబల్ల దగ్గర, మోకాలికి మోకాలు కొట్టుకుంటూ తినేవారు. క్రిస్మస్ బాతుని కూడా అక్కడే కోసేవారు. కిందటి వసంతంలో అతను రిటైరయినప్పుడు, ఇక చేతినిండా తీరిక కదా, ఈ ఏడాది రైలు తిరుగుతుందనుకుంది ఫ్రీడ. తీరిక దొరికాక ప్లాన్లు రెట్టింపయ్యాయి.

నవంబరు మొదట్లో కూతురు గుడ్రున్ ట్యూబింగెన్ నుంచి ఫోన్ చేసింది. ఆ పిల్ల యెన్స్ యాన్సెన్ అనే ఉత్తరాది కుర్రాణ్ణి ప్రేమించింది. విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో ఒకరోజు ఆమె తండ్రి గురించి స్నేహితురాలి దగ్గర మొత్తుకుంటుంటే, పక్క బల్ల మీంచి యెన్స్ తిరిగి, “మీ నాన్న కూడానా?” అన్నాడట. ప్రేమ మొదలైంది ఆ మొర దగ్గరే.

“అమ్మా, యెన్స్ వాళ్ళ అమ్మానాన్నా వచ్చే ఆదివారం మనింటికి వస్తామంటున్నారు. మరి బల్ల…”

“బల్ల సంగతి నేను చూసుకుంటాలే.”

“నాన్న సంగతో?”

“అదీ నేనే చూసుకుంటా. నువ్వు చక్కగా తల దువ్వుకుని రా.”

ఆ సాయంత్రమే ఫ్రీడ మొగుడి ఎదురుగా నిలబడింది. ఓట్మార్ కంపాసుతో ఒక వంపు గీస్తున్నాడు.

“ఆదివారం నాకు బల్ల కావాలి.”

“వంటింట్లో తింటే తప్పేంటి?”

“ఆరుగురమయ్యా! ఆ మడతబల్ల దగ్గరా? వియ్యపురాలు ఎక్కడ కూర్చోవాలి, నా ఒళ్ళోనా?”

“ఫ్రీడా, ఇది చివరి దశ. ఈ వంపు ఒక్కటీ తేలిపోతే…”

“తొమ్మిదేళ్ళుగా చివరి దశే. పురుటికి కూడా ఇంతసేపు పట్టదు.”

ఓట్మార్ కంపాసు మూసి జేబులో పెట్టుకున్నాడే గాని కాగితం అంచు కూడా కదపలేదు. శనివారం అతను మేకుల దుకాణానికి వెళ్ళిన సమయం చూసి ఫ్రీడ తనే పనికి దిగింది. కాగితాలకి వేసిన టేపులు ఒక్కొక్కటే ఊడదీసి, పసిపిల్ల పక్కబట్టలు చుట్టినట్టు జాగ్రత్తగా చుట్టి, బీరువా మీద పెట్టింది. తిరిగొచ్చి బల్లకేసి చూసి, ఉన్నచోటే కుర్చీలో కూలబడింది.

నున్నగా, అద్దంలా మెరిసే తల్లి బల్ల. దాని నిండా చిన్న చిన్న చిల్లులు. అమ్మవారు పోసి తగ్గిన మొహంలా ఉంది. గీసిన ప్రతి వంపుకీ కంపాసు ముల్లు ఒకసారి గుచ్చుకుంది. తొమ్మిదేళ్ళ వంపులు.

ఓట్మార్ గుమ్మంలోకి వస్తూనే విషయం అర్థం చేసుకున్నాడు. టోపీ కూడా తీయకుండా నిలబడిపోయాడు.

“కాగితాల కింద అట్ట వేశాననుకున్నా,” అన్నాడు.

“అనుకున్నావా?”

“మొదటి ఏడాది వేశాను. ఆ తర్వాత… ముల్లు ఎక్కడో ఒకచోట గుచ్చాలి కదా, ఫ్రీడా.”

“నాకు గుచ్చాల్సింది. కనీసం అప్పుడే అరిచేదాన్ని.”

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఆ వారం మెట్లు ఊడ్చే వంతు తమదే కావడంతో చీపురు తీసుకుని కిందికి దిగింది. మూడంతస్తుల వాళ్ళకీ వినబడేలా ఊడ్చింది.

ఆదివారం మధ్యాహ్నం చుట్టాలు దిగారు. యెన్స్ తండ్రి, పేరు ఎన్నో యాన్సెన్, తలుపు చట్రానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చాడు. ఉత్తర సముద్రం ఒడ్డున రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపినవాడు, చేతులు తెడ్లంత పొడుగు. మాటలు మాత్రం పొదుపు. ఆ లోటంతా భార్య టాల్కె తీర్చేది. ఆమె తమ ఊరి టీ పొట్లాన్నీ, గోలీలంత పటికబెల్లం ముక్కల్నీ వెంట తెచ్చుకుంది. దక్షిణాది వాళ్ళ టీని ఆవిడ నమ్మదు.

ఫ్రీడ బల్లమీద మందపాటి తెల్లగుడ్డ పరిచి, దానిమీద ఇంకో గుడ్డ పరిచి, చిల్లుల్ని సమాధి చేసింది. ఉల్లిపాయలతో వేయించిన మాంసం, తన చేత్తో పలకమీంచి పిండి గీరి ఉడికించిన స్పెట్స్‌లే నూడుల్స్, వేడి మాంసరసంలో నానిన బంగాళాదుంపల సలాడు వడ్డించింది.

“ఇందులో మయొనీజ్ వెయ్యడం మర్చిపోయినట్టున్నారు,” అంది టాల్కె ఆప్యాయంగా.

“మర్చిపోలేదండీ, దక్షిణాదిలో వెయ్యం,” అంది ఫ్రీడ, అంతే ఆప్యాయంగా.

గుడ్రున్ బల్ల కింద తల్లి కాలు తొక్కింది. ఓట్మార్ మాత్రం మాంసం కోసుకుంటూ బీరువా మీది కాగితాల చుట్టకేసే చూస్తున్నాడు. తన బల్లని ఆక్రమించిన సైన్యానికి అధిపతి ఎదురుగా కూర్చుని స్పెట్స్‌లే మళ్ళీ వడ్డించమంటుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

అందరూ తినడం అయ్యాక, టీ పోసుకున్నాక, ఎన్నో తన కప్పులో పటికబెల్లం ముక్క చిటపటలాడటం ఆగేదాకా విని, నోరు తెరిచాడు.

“మీకూ రైలుందట.”

యెన్స్ కళ్ళు మూసుకున్నాడు. ఓట్మార్ మొహం మాత్రం వెలిగింది. ఎంతైనా, తొమ్మిదేళ్ళలో ఒక మనిషి తనంతట తాను అడగడం అదే మొదటిసారి. గబగబా చుట్ట దించి, కప్పులు జరిపి, తెల్లగుడ్డ మీద ప్లాను పరిచాడు. “ఇది స్టేషను. నాలుగు ప్లాట్‌ఫారాలు. ఇదిగో, ఇక్కడ గూడ్సు బండ్లు ఆగుతాయి. ఈ మధ్యలో ఏటవాలుగా పోయే లైనుంది చూశారా, బండి దీన్నెక్కితే దిక్కు మారి ఎదురు తిరుగుతుంది. దీన్ని సాధించడానికి నాకు రెండేళ్ళు పట్టింది.”

ఎన్నో చాలాసేపు చూశాడు. కాగితం చివర్లు ఎత్తి కింద కూడా చూశాడు.

“రైలేది?”

“ప్లాను అయ్యాక.”

“హూఁ.”

ఆ పైన ఎన్నో తన బొటనవేలంత లావున్న చూపుడువేలిని స్టేషన్లో నిలబెట్టి, బయల్దేరదీశాడు. వేలు సొరంగం దూరింది, కొండ చుట్టూ తిరిగింది, ఏటవాలు లైను ఎక్కింది, దిక్కు మారింది. ఓట్మార్ గర్వంగా నవ్వాడు. వేలు ఎదురు దిక్కులో మళ్ళీ చుట్టూ తిరిగింది. ఏటవాలు లైను దగ్గరికొచ్చింది. కాని ఇటునుంచి వస్తుంటే ఆ లైను ఎక్కడానికి దారి లేదు. వేలు ఇంకో చుట్టు తిరిగింది. ఇంకోటి.

“మళ్ళీ మొదటి దిక్కుకి ఎలా తిప్పాలి?”

ఓట్మార్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంగాడు. అతని చెవులు ఎర్రబడటం ఫ్రీడకి కనబడింది.

“వెనక్కి నడపొచ్చు,” అన్నాడు చివరికి.

“ఎక్స్‌ప్రెస్‌నా? జనంతో సహానా?”

“మీ ఇంట్లో ఎలా చేశారో చెప్పండి మరి! మీ ప్లాను ఎవరు గీశారు?”

“ప్లాను లేదు. మేకులు కొట్టుకుంటూ పోయా.”

“ప్లాను లేకుండా!” ఓట్మార్ గొంతు చూస్తే ఎదుటివాడు పంట్లాం లేకుండా ఊరేగాడని విన్నట్టుంది. “ఎక్కడిదాకా పోయారు?”

“గోడదాకా,” అంది టాల్కె, ఇలాంటి అవకాశం కోసమే కూర్చున్నట్టు. “ఆ తర్వాత గోడకి కన్నం వేశాడు. ఇప్పుడు రైలు మా పడగ్గదిలోంచి పోతుంది, వదినగారూ. నిద్రలేచి కాలు కింద పెడితే బోగీల మీదే. నా చెప్పులు రెండుసార్లు లాక్కుపోయింది.”

“అది రైలుదారి కాదు, ఎలకదారి,” అన్నాడు ఓట్మార్.

ఎన్నో లేచి నిలబడ్డాడు. పైనుంచి వేలాడే దీపం తలకి తగిలి ఊగింది.

“నాది తిరుగుతుంది. నువ్వు గీసింది రైలే కాదు. బొమ్మ.”

బొమ్మ అన్నాడు. పైగా నువ్వు అన్నాడు. వచ్చినప్పటినుంచీ మీరూ గారూ అని మర్యాదగా నడిచిన సంబంధం అది.

“నన్ను నువ్వు అనమని మీకెవరు చెప్పారు?” అన్నాడు ఓట్మార్. జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

“ఇక మన పెళ్ళి అయినట్టే,” అంది గుడ్రున్. యెన్స్ తండ్రి చొక్కా పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టాడు. టాల్కె మొగుడి వైపు తిరిగి వాళ్ళ యాసలో ఏదో అంది. అర్థం కాకపోయినా అది పొగడ్త కాదని అందరికీ తెలిసింది.

ఫ్రీడ వంటింట్లోకి వెళ్ళేసరికి ఓట్మార్ కుళాయి తిప్పి, పారే నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. మనసు బాగోలేనప్పుడు అలా చూడటం అతనికి ఆఫీసు రోజుల నుంచీ అలవాటు. ఆమె కుళాయి కట్టేసింది. శనివారం తర్వాత మొదటిసారి అతనితో నోరు విప్పింది.

“ఏమైంది ఇప్పుడు?”

“తొమ్మిదేళ్ళు, ఫ్రీడా. వేలితో కనిపెట్టేశాడు. పడవలు లాగే మనిషి!”

“సరే కనిపెట్టాడు. ఆ తప్పు వల్ల నీ రైలు ఎక్కడైనా పడిపోయిందా?”

“రైలే లేదు కదా, పడటానికి.”

“అదే నేనూ అంటున్నది.”

ఓట్మార్ తుడుచుకునే గుడ్డ తీసి, తడిలేని చేతులు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. “కాగితం మీద ఉన్నంతసేపూ ఎక్కడా పడదు. తప్పుంటే చెరిపేస్తాను. రేపు పట్టాలు వేశాక అది తిరగకపోతే? అప్పుడు నేనేం చెయ్యను?”

ఫ్రీడకి అప్పటిదాకా అది పంతం అనిపించేది, బద్ధకం అనిపించేది, తనంటే లెక్కలేనితనం అని కూడా కొన్ని రాత్రులు అనిపించింది. భయం అని ఎప్పుడూ తోచలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి గొట్టాలూ గీసిన మనిషికి భయమా? కోపం మీద నిలబడదామని చూసింది గాని కుదరలేదు.

“పడితే ఎత్తి పెడతావు,” అంది. “నీ నడుం పట్టేస్తే వియ్యంకుడు ఎత్తుతాడు. ఆ చేతులు చూశావా, ఏ మూలకైనా అందుతాయి. పద.”

అతను కదిలేలోగా ఆమే ముందుగదిలోకి వచ్చింది. కప్పులు, కెటిలు, పటికబెల్లం గిన్నె కిటికీ గట్టు మీదికి మార్చింది. రెండు గుడ్డలూ ఒక్కసారి పట్టి లాగేసింది.

“చూడండి, అన్నయ్యగారూ. మా అమ్మ బల్ల.”

ఎన్నో ఆ చిల్లుల మీద వేళ్ళు ఆడించాడు. టాల్కె వంగి చూసి, “మా గోడ కన్నం మీద ఇదే నయం,” అంది.

“చిల్లులు ఎలాగూ పడ్డాయి. ఇంక పట్టాలు కూడా పడాల్సిందే,” అంది ఫ్రీడ. “దీపాలు పెట్టేలోగా ఈ బల్లమీద రైలు తిరగాలి. లేదా ప్లాన్లన్నీ పొయ్యిలోకి, ఇంజన్లన్నీ చర్చి బజారులోకి. నాకు రెండూ సమ్మతమే.”

అద్దాల బీరువా తెరిచి అట్టపెట్టెలు ఒక్కొక్కటే తెచ్చి పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ ఓట్మార్ ప్రతి పెట్టెకీ ఉలిక్కిపడ్డాడు. ఎన్నో కింద పడ్డ ప్లాను చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు.

“స్టేషను బాగుంది,” అన్నాడు, గొంతు సవరించుకుని. “నాకది రాదు. మా ఇంట్లో రైలు ఎక్కడా ఆగదు.”

“ఆగదంటే ఆగదే,” అంది టాల్కె.

ఆ మాట ఓట్మార్‌ని రెండడుగులు లోపలికి తెచ్చింది. పట్టాల పెట్టె తెరవగానే ఇంకో రెండడుగులు వచ్చాడు. యెన్స్ పట్టా ముక్కలు అందిస్తే ఎన్నో వాటిని ఒకదానికొకటి గుద్దుతున్నాడు. “అలా గుద్దకండి! చివరి పిన్ను వంగిపోతుంది!” అంటూ ఓట్మార్ తనే చేత్తో తీసుకున్నాడు. అక్కణ్ణుంచి అతన్ని బల్ల దగ్గర్నుంచి కదపడం ఎవరివల్లా కాలేదు. బల్లమీద పరిచిన ప్లానులో ఎర్ర గీత పొడుగునా పట్టాలు పడ్డాయి. ఏటవాలు లైను కూడా పడింది.

నల్ల ఇంజనుని, వెనక మూడు పెట్టెల్ని పట్టాలమీద పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ బొత్తాం తిప్పారు. ఇంజను తేనెటీగలా ఝుమ్మంది. కదల్లేదు. ఇంకా తిప్పారు. ఇంకా గట్టిగా ఝుమ్మంది.

“చూశావా,” అన్నాడు ఓట్మార్ ఫ్రీడతో, పాలిపోయి.

“ఇన్నేళ్ళు మంచాన పడుకోబెడితే నేనూ అలాగే మూలుగుతాను,” అంది ఫ్రీడ. వెళ్ళి కుట్టుమిషన్ నూనె తెచ్చింది. ఓట్మార్ ఇంజను పొట్ట విప్పాడు. లోపలి జిడ్డు ఎండిపోయి బంకలా పట్టుకుని ఉంది. గుడ్రున్ ఇచ్చిన తలపిన్నుతో దాన్ని గీకాడు, సూది మొనతో ఒక్కో చుక్క నూనె వేశాడు.

ఈసారి ఇంజను ఒక జానెడు కదిలి ఆగింది. ఇంకో జానెడు. ఉన్నట్టుండి దూసుకుపోయి, రెండో వంపు దగ్గర పట్టాలు తప్పి, మూడు పెట్టెలతో సహా టాల్కె ఒళ్ళో పడింది.

ఎవరూ ఇంజనుకేసి చూడలేదు. అందరూ ఓట్మార్‌కేసి చూశారు.

అతను వియ్యపురాలి ఒళ్ళోంచి ఇంజను తీసుకుని, తిరగేసి చూశాడు. ఒక చక్రం మీద సలాడు తునక అంటుకుంది. దాన్ని తుడిచాడు. వంగి వంపు దగ్గర పట్టాని వేలితో తడిమాడు.

“అతుకు దగ్గర మిట్టగా ఉంది,” అన్నాడు. “ఎన్నో, నువ్వు ఆ చివర పట్టుకో. నేను నొక్కుతా.”

“పట్టుకున్నా,” అన్నాడు ఎన్నో.

ఫ్రీడ ఆ ‘నువ్వు’ విన్నది. వెళ్ళి ప్లమ్ పండ్ల సారా సీసా, చిన్న గ్లాసులు తెచ్చింది. అలాంటి ‘నువ్వు’ని గ్లాసులు తాకించకుండా ఎండుగా వదిలెయ్యకూడదు, అది అక్కడి ఆనవాయితీ. మగవాళ్ళిద్దరూ పట్టా ఒక చేత్తో నొక్కి పట్టుకునే, రెండో చేత్తో గ్లాసులు తాకించుకుని తాగారు. గుడ్రున్ యెన్స్ భుజం మీద తల వాల్చింది.

కిటికీ బయట దీపాలు వెలిగే వేళకి రైలు తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఏటవాలు లైను ఎక్కి దిక్కు మారింది. ఆ తర్వాత వేలు చెప్పినట్టే అయింది: ఎంత తిరిగినా అదే దిక్కు. ఎన్నో బొత్తాం ఇటు తిప్పి, నోటితో టగ్గు పడవ కూత కూస్తూ, ఎక్స్‌ప్రెస్‌ని ఆ ఏటవాలు మీంచి వెనక్కి, వెనక్కి నడిపించుకొచ్చాడు. “జనం చచ్చిపోతార్రా, మెల్లగా!” అంటూ ఓట్మార్ కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. అతనలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుందామని చూసి, గుర్తు రాక, ఫ్రీడ ఇంకో గ్లాసు పోసుకుంది.

యాన్సెన్ దంపతులు మర్నాడు వెళ్ళాల్సినవాళ్ళు ఆ వారమంతా ఉండిపోయారు. కొండ కట్టాలి కదా. వెళ్ళేటప్పుడు ఓట్మార్ వాళ్ళ పడగ్గది కొలతలు అడిగి రాసుకున్నాడు. ఎన్నో వాళ్ళింట్లో రైలు ఆగడానికి ఒక స్టేషను గీసి పంపుతానన్నాడు. టాల్కె మంచం పక్కన, చెప్పులకి దూరంగా గీయమంది. పెళ్ళి మే నెలకి కుదిరింది.

ఇదంతా బాగానే ఉందిగాని, ఫ్రీడ అడిగింది ఒక్క ఆదివారానికి బల్ల. ఇప్పుడు ఆ బల్లకి పట్టాలు మేకులతో కొట్టారు, మధ్యలో పిండీ జిగురూ కలిపి కట్టిన కొండ లేచింది, సొరంగం మీద గొర్రెలు మేస్తున్నాయి. కాగితాలనైతే చుట్టి బీరువా మీద పెట్టొచ్చు. కొండని ఎక్కడ పెడతాం? జనవరి వచ్చినా మొగుడూ పెళ్ళాలు వంటింట్లోనే మోకాళ్ళు కొట్టుకుంటున్నారు. తేడా ఒక్కటే, ఇప్పుడు ఉప్పుబుడ్డి రైలెక్కి ముందుగదిలో ఒక చుట్టు తిరిగొచ్చాకే కొన్నిసార్లు వంటింట్లోకి వచ్చేది.

ఫ్రీడ టాల్కెకి ఫోన్ చేసి సలహా అడిగింది. ఇద్దరూ చాలాసేపు ఆలోచించి తేల్చారు: గుండ్రటి బల్ల కొనాలి. స్టేషనుకి తిన్నటి దారి కావాలి, ప్లాట్‌ఫారానికి తిన్నటి దారి కావాలి. గుండ్రటి బల్లమీద అవేవీ పట్టవు. ఫ్రీడ మర్నాడే పోయి బీచ్ చెక్కతో చేసిన గుండ్రటి బల్ల చూసి, ఇంటికి పంపించమని చెప్పి వచ్చింది.

బల్ల వచ్చింది. ముందుగదిలో రెండో కిటికీ పక్కన నిలబెట్టారు. ఫ్రీడ గుడ్డ పరిచి, రెండు కుర్చీలు వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఓట్మార్ వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకుని బల్ల చుట్టూ నెమ్మదిగా ఒకసారి నడిచాడు. ఆగాడు. ఇంకోసారి నడిచాడు. వంగి, అంచు వెంబడి ఒక కన్ను మూసి చూశాడు.

“ఫ్రీడా,” అన్నాడు, “దీనికి ఎక్కడా మూలలే లేవు. చుట్టూ ఒకటే వంపు.”

“వద్దు,” అంది ఫ్రీడ.

“నేనేమీ అనలేదు. చెయ్యి కూడా అన్ని వైపులకీ అందుతుందని మాత్రమే…”

“ఓట్మార్, కూర్చుని చారు తాగు.”

కూర్చున్నాడు. చారు తాగాడు. తాగుతున్నంతసేపూ అతని ఎడమచేతి వేలు గుడ్డ అంచు వెంబడి చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.